ఒకే అయస్కాంత తుఫానుకి ఒకచోట ఎలక్ట్రాన్లు పెరిగి, మరోచోట ఎందుకు పడిపోతాయి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందన్న రోజు మధ్యాహ్నం షార్ట్‌వేవ్ ఒక్కసారిగా మూగబోయింది. గంటకల్లా మామూలైపోయింది. రెండు రోజుల తర్వాత భూ అయస్కాంత తుఫాను వచ్చిందన్నారు. ఆ సాయంత్రం పై బ్యాండ్లు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలవి, ఎప్పుడూ లేనంత బాగా పలికాయి. మర్నాడు పొద్దున్నుంచి అవే బ్యాండ్లలో చప్పుడు లేదు, జీపీఎస్ సర్వే కొలతలు కూడా కుదరలేదు. అసలు తుఫాను అంటే అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్లు పెరగడమా, తగ్గడమా?"

రెండూ. అయనోస్ఫియర్ అంటే సుమారు 60 కి.మీ. పైన, సూర్యకాంతి వల్ల గాలిలో కొంత భాగం ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయి ఉండే ప్రాంతం. మీరు చూసింది వింత కూడా కాదు. మధ్య అక్షాంశాల్లో పగలో సాయంత్రమో మొదలైన తుఫాను చాలాసార్లు సరిగ్గా ఇలాగే నడుస్తుంది. అయనోసోండ్ (నేల మీది నుంచి పైకి రేడియో తరంగాలు పంపి ఆ పొరల ఎత్తును, సాంద్రతను కొలిచే పరికరం) రికార్డులు చదవడమే పనిగా చాలా ఏళ్లు గడిపాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మొదటి రోజు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తుఫానే కాదు. వార్తల్లో సౌర జ్వాలని, కణాల వర్షాన్ని, అయస్కాంత తుఫానుని కలిపి "సౌర తుఫాను" అని ఒకే మాటలో తేల్చేస్తారు. ఆ మూడూ వేర్వేరు వేగాలతో వస్తాయి, వేర్వేరు ఎత్తుల్లో పనిచేస్తాయి. జ్వాల నుంచి వెలువడే ఎక్స్ కిరణాలు కాంతి వేగంతో ప్రయాణించి 8 నిమిషాల్లో మనల్ని చేరతాయి. 60 నుంచి 90 కి.మీ. ఎత్తులో, అయనోస్ఫియర్ అట్టడుగున ఉండే డి పొరలో ఎలక్ట్రాన్లను అమాంతం పెంచేస్తాయి. ఆ ఎత్తులో గాలి ఇంకా కొంచెం చిక్కగానే ఉంటుంది. రేడియో తరంగం కదిపిన ఎలక్ట్రాన్ మరుక్షణమే ఏదో ఒక అణువును గుద్దుకుని, తీసుకున్న శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. తరంగం పై పొర దాకా వెళ్లకుండానే నీరసించిపోతుంది. సూర్యుడికి ఎదురుగా ఉన్న పగటి వైపు మాత్రమే ఇలా జరుగుతుంది. జ్వాల చల్లారిన కొద్దీ డి పొర కూడా మామూలు స్థితికి వచ్చేస్తుంది. 2017 సెప్టెంబర్ 6న వచ్చిన ఎక్స్9.3 స్థాయి (ఎక్స్ అంటే అత్యంత తీవ్రమైన తరగతి) జ్వాల ఇలాంటిదే. అప్పుడే కరీబియన్ దీవుల్ని ఇర్మా హరికేన్ ముంచెత్తుతోంది, సహాయక చర్యల కోసం వాడుతున్న షార్ట్‌వేవ్ సంభాషణలు తెగిపోయాయి.

రెండోది అధిక శక్తి ప్రోటాన్లు. ఇవి పదుల నిమిషాల నుంచి కొన్ని గంటల్లో వస్తాయి. అయస్కాంత క్షేత్ర రేఖల వెంట ధ్రువాల మీదికి దిగి, అక్కడి డి పొరను రోజుల తరబడి రేడియోను మింగే పొరగా మారుస్తాయి. ధ్రువాల మీదుగా వెళ్లే విమానాలను దారి మళ్లించేది ఎక్కువగా వీటి భయంతోనే. మీ ప్రశ్నకి దీనితో పని లేదు.

మూడోది అసలు తుఫాను. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా నుంచి ఊడిపడిన ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు) మేఘం, అంటే సీఎంఈ, భూమిని చేరడానికి మామూలుగా 1 నుంచి 4 రోజులు పడుతుంది. 1859లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త కారింగ్టన్ సౌర జ్వాలను చూశాక తుఫాను రావడానికి సుమారు పదిహేడున్నర గంటలే పట్టింది. అంత వేగం అరుదు.

జ్వాల దెబ్బా, తుఫాను దెబ్బా అని రేడియో దగ్గర కూర్చునే పోల్చుకోవచ్చు. డి పొర తరంగాన్ని మింగడం తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువ, ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో తక్కువ. అందుకని జ్వాల వచ్చినప్పుడు బ్యాండ్లు కింది నుంచి పైకి మూసుకుంటాయి, తెరుచుకునేటప్పుడు పై నుంచి కిందికి తెరుచుకుంటాయి. తుఫాను ఎలక్ట్రాన్లను తగ్గించినప్పుడు దీనికి తిరగబడి ఉంటుంది. ముందు పై బ్యాండ్లు పోతాయి, కింది బ్యాండ్లు ఏదోలా నెట్టుకొస్తాయి. ఈ తేడా గమనించడం అలవాటైతే సగం గందరగోళం పోతుంది.

ఇక తుఫాను ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే, తుఫాను లేని రోజు ఎఫ్2 పొర ఎలా నిలబడుతుందో చూడాలి. ఈ పొర 250 నుంచి 400 కి.మీ. మధ్యలో ఎక్కడో ఒకచోట అత్యంత చిక్కగా ఉంటుంది. షార్ట్‌వేవ్ తరంగాలను వెనక్కి వంచేది ఇదే, జీపీఎస్ సిగ్నల్‌ను ఎక్కువగా ఆలస్యం చేసేదీ ఇదే. పగటిపూట ఘన సెంటీమీటరుకు సుమారు 10 లక్షల ఎలక్ట్రాన్లు ఉంటాయి. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ, అదే ఎత్తులో విద్యుదావేశం లేని మామూలు పరమాణువులు, అణువులు వీటికి దాదాపు వెయ్యి రెట్లు ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి. అయనోస్ఫియర్ అనేది విడిగా వేలాడే పొర కాదు, పలచటి వేడి గాలిలో కలిసిపోయి ఉన్న కొద్దిపాటి ప్లాస్మా. గాలి కదిలితే అదీ కదులుతుంది, గాలి మారితే దాని ఆయుష్షూ మారుతుంది.

సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కాంతి పరమాణు ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. అలా మిగిలిన ఆక్సిజన్ అయాన్ తిరిగి ఎలక్ట్రాన్‌ను నేరుగా పట్టుకోవడం చాలా అరుదు. అది ముందు ఒక నైట్రోజన్ అణువుతోనో, ఆక్సిజన్ అణువుతోనో చర్య జరిపి అణు అయాన్‌గా మారాలి. అలా మారాక మాత్రం ఎలక్ట్రాన్‌ను ఇట్టే పట్టుకుని రెండు ముక్కలవుతుంది. అంటే ఎలక్ట్రాన్లు పుట్టడానికి పరమాణు ఆక్సిజన్ కావాలి, చావడానికి అణువులు కావాలి. ఎఫ్2 పొర సాంద్రత ఈ రెండింటి నిష్పత్తి మీద ఆధారపడుతుంది. రాత్రంతా సూర్యుడు లేకపోయినా ఎఫ్ పొర మిగిలేది ఇందుకే. అంత ఎత్తులో అణువులు తక్కువ.

కింద చిల్లు ఉన్న నీళ్ల తొట్టి అనుకోండి. పైన నల్లా ఒకే ధారగా పడుతోంది. నల్లా ముట్టుకోకుండా నీటిమట్టాన్ని మార్చాలంటే చిల్లు సైజు మార్చాలి, లేదా నీళ్లను ఇంకో తొట్టిలోకి తోడాలి. అయస్కాంత తుఫాను చేసేది ఇదే. తుఫాను రోజున సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి పెద్దగా మారదు. తుఫాను చిల్లును మారుస్తుంది, నీళ్లను తోడుతుంది. అరోరా (ధ్రువకాంతులు) కనిపించే ప్రాంతాల్లో మాత్రం పైనుంచి పడే ఎలక్ట్రాన్లు 100 నుంచి 150 కి.మీ. ఎత్తున కొత్త అయాన్లను నేరుగా పుట్టిస్తాయి. మిగతా భూగోళమంతా కథ నడిపేది మాత్రం రవాణా, రసాయనమే.

శక్తి లోపలికి ఎలా వస్తుంది? సీఎంఈ మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే, పగటి వైపున భూమి క్షేత్ర రేఖలు దానితో కలిసి తెగి మళ్లీ అతుక్కుంటాయి. 1961లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త డంజీ చెప్పిన ప్రక్రియ ఇది. ఉత్తరానికి తిరిగి ఉంటే, ఎంత వేగంగా వచ్చిన మేఘమైనా చాలామటుకు పక్కకి జారిపోతుంది. లోపలికి వచ్చిన శక్తిలో కొంత భాగం భూమి చుట్టూ కొన్ని భూవ్యాసార్థాల దూరంలో వలయ ప్రవాహంగా, అంటే భూమిని చుట్టే విద్యుత్ ప్రవాహంగా నిలుస్తుంది. నేల మీద అయస్కాంత క్షేత్రం తగ్గేది ముఖ్యంగా దాని వల్లే. ఇంకో పెద్ద భాగం ధ్రువ ప్రాంతాల అయనోస్ఫియర్‌లోకి దిగుతుంది. అక్కడ విద్యుత్ క్షేత్రం అయాన్లను ఒకవైపు లాగుతుంటే అవి మామూలు గాలి అణువులతో రాసుకుంటాయి. ఆ రాపిడి వేడినే జూల్ తాపనం అంటాం. పెద్ద తుఫానుల్లో ఇది వందల గిగావాట్లు దాటుతుంది. ఇంత వేడి 100 కి.మీ. పైన ఉన్న పలచటి గాలిలోకి కొన్ని గంటల్లో దిగబడితే ఆ గాలి ఊరుకోదు.

అది ఉబ్బుతుంది. ఆ ఉబ్బులో కింది నుంచి నైట్రోజన్ ఎక్కువగా ఉన్న గాలి పైకి తన్నుకొస్తుంది. 300 కి.మీ. ఎత్తులో పరమాణు ఆక్సిజన్ వాటా పడిపోయి, నైట్రోజన్ వాటా పెరుగుతుంది. చిల్లు పెద్దదైంది. నడినెత్తిన సూర్యుడున్నా పుట్టిన ఎలక్ట్రాన్లు నిలబడవు. మా భాషలో దీన్ని ప్రతికూల దశ అంటారు. ఎలక్ట్రాన్ల సంఖ్య మామూలులో సగానికీ, ఒక్కోసారి అంతకంటే కిందికీ పోతుంది. నిట్టనిలువుగా పంపిన తరంగాన్ని వెనక్కి తిప్పగల గరిష్ఠ ఫ్రీక్వెన్సీ ఎలక్ట్రాన్ సాంద్రత వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 10 లక్షల ఎలక్ట్రాన్లకు అది 9 మెగాహెర్ట్జ్. సాంద్రత నాలుగో వంతుకు పడితే నాలుగున్నరకు దిగుతుంది. ఏటవాలుగా పంపే దూర ప్రసారాల హద్దు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మర్నాడు మీ పై బ్యాండ్లు పోవడానికి కారణం ఇది. తరంగాలను ఎవరూ మింగలేదు, అవి పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఎందుకు? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ధ్రువ ప్రాంతంలో వేడెక్కిన గాలి భూమధ్యరేఖ వైపు పారుతుంది. పగటి వైపు మామూలుగా వీచే గాలి ధ్రువాల వైపే ఉంటుంది కాబట్టి ఎదురుగా వచ్చే తుఫాను గాలికి అడ్డు తగులుతుంది. రాత్రి వైపు మామూలు గాలి ఎలాగూ భూమధ్యరేఖ వైపే వీస్తుంది, పైగా దాన్ని పట్టి ఆపే అయాన్లు కూడా తక్కువ. అందుకని నైట్రోజన్ నిండిన గాలి అర్ధరాత్రి వైపు నుంచి మధ్య అక్షాంశాల్లోకి బాగా చొచ్చుకొస్తుంది. తర్వాత భూమితో పాటు తిరిగి పొద్దున వైపుకి వస్తుంది. రాత్రి నడిచిన వ్యవహారం మనకు తెల్లారాక తెలుస్తుంది. తుఫాను మీకు రాత్రిపూట మొదలైతే మొదటి సాయంత్రపు వైభవం ఏదీ ఉండదు, నేరుగా పొద్దున్నే దెబ్బ. ఒకే తుఫాను గురించి రెండు ఖండాల్లో ఉన్న ఇద్దరు ఆపరేటర్లు పూర్తిగా వ్యతిరేకంగా చెబితే, ఇద్దరూ నిజమే చెబుతున్నారనుకోండి.

ఋతువు కూడా ఇందులో వేలు పెడుతుంది. ఎగువ గాలి స్థూలంగా వేసవి అర్ధగోళం నుంచి శీతాకాలపు అర్ధగోళం వైపు వీస్తుంది. అది వేసవి వైపున నైట్రోజన్ గాలిని తక్కువ అక్షాంశాల దాకా తోసుకొస్తుంది, శీతాకాలపు వైపున ధ్రువం దగ్గరే నొక్కి పెడుతుంది. కాబట్టి ప్రతికూల దశ వేసవిలో బలంగా, శీతాకాలంలో బలహీనంగా ఉంటుంది. 2001 చివర్లో పైకి వెళ్లిన టైమ్డ్ ఉపగ్రహం, 2018 నుంచి భూస్థిర కక్ష్యలో పనిచేసిన గోల్డ్ పరికరం ఆక్సిజన్, నైట్రోజన్ నిష్పత్తిని చిత్రాలుగా చూపించాయి. అంతకుముందు మేం నేల మీద అక్కడక్కడా ఉన్న కేంద్రాల గీతల నుంచి ఊహించుకున్నది ఆ చిత్రాల్లో మరకలాగా స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు మొదటి సాయంత్రం సంగతి. ఇక్కడ రెండు శక్తులు పనిచేస్తాయి, రెండూ ఎలక్ట్రాన్లను పైకి ఎత్తేవే.

ఒకటి గాలి. మధ్య అక్షాంశాల్లో అయస్కాంత రేఖలు ఏటవాలుగా ఉంటాయి. ప్లాస్మా ఆ రేఖలను అడ్డంగా దాటలేదు, వాటి వెంట జారగలదు. భూమధ్యరేఖ వైపు వీచే తుఫాను గాలి ప్లాస్మాను ఆ వాలు మీదుగా పైకి తోస్తుంది. పైన అణువులు ఇంకా తక్కువ, అంటే చిల్లు చిన్నది. కింద సూర్యకాంతి ఉన్నంతసేపు కొత్త ఎలక్ట్రాన్లు పుడుతూనే ఉంటాయి. మొత్తం పెరుగుతుంది. ఇది సానుకూల దశ. సూర్యకాంతి ఉంటేనే ఈ లాభం. రాత్రి ఎత్తితే ఉన్నది కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, అంతే. ఈ గాలి ఉప్పెన ముందు వరుస సెకనుకు 400 నుంచి 1000 మీటర్ల వేగంతో పెద్ద అలలుగా వస్తుంది. అరోరా ప్రాంతం నుంచి భూమధ్యరేఖకు చేరడానికి మూడు, నాలుగు గంటలు. దారిలో ఉన్న ప్రతి అయనోసోండ్ కేంద్రంలోనూ ఎఫ్ పొర ఎత్తు వరుసగా లేచి దిగడం కనిపిస్తుంది.

రెండోది విద్యుత్ క్షేత్రం, ఇది గాలి కోసం ఆగదు. మామూలు రోజుల్లో ధ్రువ ప్రాంతపు విద్యుత్ క్షేత్రం తక్కువ అక్షాంశాలకు చేరకుండా వలయ ప్రవాహం లోపలి అంచులోని ఆవేశాలు కవచంలా పనిచేస్తాయి. సౌర పవనంలో (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ప్లాస్మాలో) అయస్కాంత క్షేత్రం హఠాత్తుగా దక్షిణానికి తిరిగితే ఆ కవచం సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. ఈలోగా విద్యుత్ క్షేత్రం దాదాపు తక్షణమే భూమధ్యరేఖ దాకా దూసుకొస్తుంది. పగలు, సాయంత్రం పూట దాని దిశ తూర్పు వైపు. భూమధ్యరేఖ దగ్గర అయస్కాంత రేఖలు అడ్డంగా పడుకుని ఉంటాయి కదా, తూర్పు దిశ క్షేత్రం అక్కడి ప్లాస్మాను నిట్టనిలువుగా పైకి ఎత్తుతుంది.

అలా ఎత్తడం రోజూ జరిగేదే. మామూలు పగటిపూట సెకనుకు 20, 30 మీటర్ల వేగంతో లేచిన ప్లాస్మా, అయస్కాంత రేఖల వెంట ఇరువైపులా జారి, అయస్కాంత భూమధ్యరేఖకు సుమారు 15 డిగ్రీల ఉత్తరాన, దక్షిణాన రెండు గుట్టలుగా పోగుపడుతుంది. సరిగ్గా మధ్యలో పల్లం. దీన్ని ఫౌంటెన్ ప్రభావం అంటారు. పెద్ద తుఫానులో ఆ వేగం సెకనుకు 100 మీటర్లు దాటవచ్చు. అప్పుడు ప్లాస్మా మరీ ఎత్తుకు లేచి మరీ దూరంగా పడుతుంది. గుట్టలు 25, 30 డిగ్రీల దాకా జరిగిపోతాయి, భూమధ్యరేఖ మీద ఉన్నవాళ్లకు నెత్తిన పెద్ద గొయ్యి మిగులుతుంది. 2003 అక్టోబర్ చివర్లో వచ్చిన హాలోవీన్ తుఫానుల్లో ఇది ఉధృతంగా కనిపించింది.

కొన్ని గంటలు గడిచాక గాలులు కూడా భూమధ్యరేఖను చేరి సొంత డైనమోను నడుపుతాయి, అంటే ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంలో కదిపి విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తాయి. 1980లో శాస్త్రవేత్తలు బ్లాంక్, రిచ్‌మండ్ దీన్ని లెక్కగట్టారు. ఈ డైనమో క్షేత్రం దిశ మొదటిదానికి తిరగబడి ఉంటుంది. ప్లాస్మాను పగలు కిందికి, రాత్రి పైకి తోస్తుంది. అంటే తుఫాను రెండో రోజున ఫౌంటెన్ చప్పబడుతుంది. అయనోస్ఫియర్ ఒక రోజు ఎందుకు అలా ప్రవర్తించిందని తలపట్టుకునేవాళ్లు చాలామంది ఈ రెండు క్షేత్రాలనూ కలిపేసి చూస్తారు. విడిగా చూడాలంటే టైమ్ చూడాలి. సౌర పవనం మారిన నిమిషాల్లో వచ్చింది మొదటిది, గంటల తర్వాత నింపాదిగా వచ్చి రోజంతా ఉండేది రెండోది.

మీ జీపీఎస్ ఇబ్బందికి వద్దాం. ఉపగ్రహం నుంచి రిసీవర్ దాకా ఒక చదరపు మీటరు అడ్డుకోత గల గొట్టం ఊహించి, అందులో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ లెక్కపెడితే వచ్చేది మొత్తం ఎలక్ట్రాన్ పరిమాణం, పొట్టిగా టెక్. పదికి 16వ ఘాతం సంఖ్యలో ఎలక్ట్రాన్లు ఒక టెక్ యూనిట్. జీపీఎస్ మొదటి ఫ్రీక్వెన్సీ అయిన 1575.42 మెగాహెర్ట్జ్ మీద ఒక్కో యూనిట్ దూరాన్ని 16 సెంటీమీటర్లు ఎక్కువ చేసి చూపిస్తుంది. 50 యూనిట్లకు 8 మీటర్లు. 200 అయితే 32 మీటర్లు, అదీ ఉపగ్రహం నడినెత్తిన ఉంటే. క్షితిజానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహానికి ఇది రెండు, మూడు రెట్లవుతుంది. ఫోన్లలాంటి ఒకే ఫ్రీక్వెన్సీ రిసీవర్లు క్లోబుచార్ నమూనాతో ఇందులో సగం దాకా సరిదిద్దుకుంటాయి. అది ప్రశాంతమైన రోజుల సగటుకు తయారుచేసిన నమూనా. తుఫాను సంగతి దానికి తెలియదు.

రెండు ఫ్రీక్వెన్సీలు వాడే రిసీవర్ ఈ ఆలస్యాన్ని తనే కొలిచి తీసేస్తుంది. మరి సర్వే పరికరాలు రెండు ఫ్రీక్వెన్సీలవే కదా, అవెందుకు తప్పాయి? రెండు కారణాలున్నాయి. ఆర్‌టీకే పద్ధతిలో దగ్గర్లోని స్థిర కేంద్రం చూసే అయనోస్ఫియరూ మీరు చూసేదీ దాదాపు ఒకటేనన్న నమ్మకం మీద సెంటీమీటర్ల లెక్క నడుస్తుంది. తుఫానులో మధ్య అక్షాంశాల మీద ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్న పొడవాటి పట్టీలు ఏర్పడి, నిటారు గోడల్లాంటి అంచులతో ధ్రువం వైపు సాగుతాయి. 2003 నవంబర్ 20 తుఫానులో అమెరికాలోని ఒహాయో మీద ఆలస్యం కిలోమీటరుకు 40 సెంటీమీటర్లకు పైగా మారింది. మామూలు రోజుల్లో ఇది కిలోమీటరుకు కొన్ని మిల్లీమీటర్లు. పక్క కేంద్రంతో పోల్చుకునే పద్ధతి అక్కడ ఎలా నిలుస్తుంది? విమానాల ల్యాండింగ్ కోసం భూతల సాయంతో నడిచే వ్యవస్థల భద్రతా పరిమితులను అమెరికాలో ముఖ్యంగా ఈ రోజు కొలతలను దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. అమెరికా ఉపగ్రహ ఆధారిత సవరణ వ్యవస్థ వాస్ కూడా అదే ఏడాది అక్టోబర్ 29న సుమారు 15 గంటలు, 30న సుమారు 11 గంటలు విమానాలకు ఎత్తు మార్గదర్శనం ఇవ్వలేకపోయింది. తప్పు చెప్పేకంటే చెప్పకపోవడం మేలని దాన్ని అలాగే తయారుచేశారు. నా దృష్టిలో అది వైఫల్యం కాదు. 2024 మే 10న మొదలైన జీ5 (అత్యంత తీవ్ర) స్థాయి తుఫానులో అమెరికా రైతుల ట్రాక్టర్లు వరసలు తప్పింది సరిగ్గా విత్తనాల టైమ్‌లో, ఆర్‌టీకే సవరణలు దెబ్బతినడం వల్లే.

ఇంకో కారణం సింటిలేషన్, అంటే సిగ్నల్ మిణుకుమిణుకుమనడం. ప్లాస్మాలో కొన్ని వందల మీటర్ల సైజు గజిబిజి ఏర్పడితే సిగ్నల్ బలం, దశ సెకన్లలో ఎగిరిపడతాయి. రిసీవర్ లెక్క తప్పి ఉపగ్రహాన్నే వదిలేస్తుంది. అప్పుడు రెండు ఫ్రీక్వెన్సీలున్నా లాభం లేదు, కొలవడానికి సిగ్నలే లేదు. ధ్రువ ప్రాంతాల్లో ఇది అరోరాతోనూ, ధ్రువాల మీదుగా తేలిపోయే ప్లాస్మా ముద్దలతోనూ వస్తుంది. భూమధ్యరేఖ ప్రాంతంలో వచ్చేది ప్లాస్మా బుడగల వల్ల. సూర్యాస్తమయం తర్వాత కింది పొర వేగంగా కరిగిపోయి, బరువైన ప్లాస్మా పైన, తేలికది కింద మిగులుతుంది. కింది ఖాళీలు బుడగల్లా పైకి పొడుచుకొస్తాయి. పెరూలోని హువాంకాయోలో 1930లలోనే బుకర్, వెల్స్ ఈ చెదిరిన ప్రతిధ్వనుల్ని గుర్తించారు.

తుఫాను వస్తే బుడగలు పెరుగుతాయా అని అడిగితే మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. సూర్యాస్తమయం వేళకి తూర్పు దిశ క్షేత్రం దూసుకొస్తే పొర పైకి లేచి బుడగలు చెలరేగుతాయి. అదే సమయానికి డైనమో క్షేత్రం ఎదురు తిరిగి ఉంటే, మామూలుగా రావలసిన బుడగలు కూడా రావు. అర్ధరాత్రి దాటాక అదే డైనమో పొరను పైకెత్తి, తెల్లవారుజామున ఎవరూ ఊహించని వేళ బుడగలు పుట్టిస్తుంది. తుఫాను రాత్రి జీపీఎస్ అద్భుతంగా పనిచేసిందని ఎవరైనా చెబితే నేను నమ్ముతాను.

అయనోస్ఫియర్ ఇందులో దెబ్బతినేది మాత్రమే కాదని కూడా చెప్పాలి, ఈ మాట చాలా వివరణల్లో జారిపోతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ విద్యుత్ గ్రిడ్ 90 సెకన్లలో కుప్పకూలి 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. దానికి నేరుగా కారణమైనవి 100 కి.మీ. ఎత్తున అయనోస్ఫియర్‌లోనే పారే అరోరా విద్యుత్ ప్రవాహాలు. అవి వేగంగా మారితే నేలలో, పొడవాటి తీగల్లో విద్యుత్తు ప్రేరితమవుతుంది. ఉబ్బిన గాలి ఉపగ్రహాల్ని లాగడం ఇదే వేడికి మరో ముఖం. 2022 ఫిబ్రవరిలో 210 కి.మీ. ఎత్తున వదిలిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 తిరిగి గాలిలోకి పడి కాలిపోయాయి. ఆ తుఫాను పెద్దది కూడా కాదు.

కోలుకోవడం ఎన్నాళ్లు? ఎగువ గాలిని చల్లార్చేది నైట్రిక్ ఆక్సైడ్. తుఫానులోనే అది విపరీతంగా పుట్టి, 5.3 మైక్రోమీటర్ల పరారుణ కాంతిగా వేడిని అంతరిక్షంలోకి పంపేస్తుంది. తుఫాను ఎంత బలంగా వేడెక్కిస్తే అంత నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. అందుకే పెద్ద తుఫానుల తర్వాత గాలి మామూలుకంటే చల్లబడి, ఉపగ్రహాల మీద ఒరిపిడి ముందుకంటే తగ్గిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఎఫ్2 పొర చాలాసార్లు ఒకటి నుంచి మూడు రోజుల్లో దారిలో పడుతుంది. ఇంకా పైన భూమిని చుట్టి ఉండే చల్లని ప్లాస్మా ప్రాంతం, ప్లాస్మాస్ఫియర్, తుఫానులో గీకేసినట్టు చిన్నదైపోతుంది, కింది నుంచి మళ్లీ నిండడానికి చాలా రోజులు పడుతుంది. తుఫాను అయిపోయిందన్నాక కూడా రాత్రి బ్యాండ్లు కొన్నాళ్లు నీరసంగా ఉండటానికి అది ఒక కారణం.

చివరగా, వచ్చేసారి ఏం చూడాలన్నది. అందరూ కేపీ సంఖ్య చూస్తారు. కేపీ అనేది నేల మీద ఉన్న 13 కేంద్రాల్లో అయస్కాంత క్షేత్రం ఎంత ఊగిందో 3 గంటలకోసారి చెప్పే లెక్క. డీఎస్‌టీ నాలుగు తక్కువ అక్షాంశ కేంద్రాల నుంచి వలయ ప్రవాహం బలాన్ని చెబుతుంది. 1989లో అది మైనస్ 589 నానోటెస్లాకు పడింది. ఈ రెండింటిలో ఏదీ ఒక్క ఎలక్ట్రాన్‌ను కూడా కొలవదు. కేపీ 8 అని చూసి ఈ రాత్రి బ్యాండ్లు పోతాయని తీర్మానించేస్తే సగంసార్లు తప్పుతారు. నేనైతే ముందు సౌర పవనంలో క్షేత్రం ఉత్తర దక్షిణ భాగం, అంటే బీజడ్ చూస్తాను. భూమికి 15 లక్షల కి.మీ. ముందు, ఎల్1 బిందువు దగ్గరున్న ఉపగ్రహాలు దాన్ని కొలుస్తాయి. అక్కడి నుంచి మేఘం మన దాకా రావడానికి సెకనుకు 400 కి.మీ. వేగంతో గంట, 1000 కి.మీ. వేగంతో 25 నిమిషాలు పడుతుంది. సీఎంఈ బయల్దేరినట్టు రెండు రోజుల ముందే తెలుస్తుంది గానీ, దాని లోపలి క్షేత్రం ఎటు తిరిగి ఉందో ఖాయంగా తెలిసేది ఈ ఆఖరి గంటలోనే. ముందస్తు హెచ్చరికలు తరచూ తుస్సుమనడానికి కారణం ఇదే, దానికి అంచనా వేసేవాళ్లను తిట్టి లాభం లేదు.

బీజడ్ మైనస్ 10 నానోటెస్లా కంటే కిందికి వెళ్లి గంటల తరబడి అక్కడే ఉంటే, గడియారం చూడండి. మీకు పగలో సాయంత్రమో అయితే ఆ కొన్ని గంటలు పై బ్యాండ్లు ప్రయత్నించండి, సర్వే పని ఆపేయండి. మీకు రాత్రి అయితే తెల్లారాక పై బ్యాండ్ల మీద ఆశ పెట్టుకోకుండా 7 మెగాహెర్ట్జ్, అంతకంటే కిందికి దిగండి. ఆ తర్వాత దగ్గర్లోని అయనోసోండ్ చూపించే ఎఫ్2 హద్దు ఫ్రీక్వెన్సీని, గత వారం అదే గంటకు ఉన్న విలువతో పోల్చుకుంటూ ఉండండి. అది మామూలు విలువకు తిరిగొచ్చేదాకా, కేపీ 2కి దిగిపోయినా మీ పైన ఉన్న గాలి ఇంకా నిన్నటి తుఫానులోనే ఉన్నట్టు లెక్క.